ఆఖరి సైకిల్ వేగమే అందరి వేగం

సైకిల్ క్లబ్బు పెట్టడం తేలిక. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక టీషర్టు, ఒక ఆదివారం ఉంటే చాలు. దాన్ని నిలబెట్టడమే కష్టం. రెండు మూడు నెలలు తిరిగేసరికి గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, రోడ్డు మీద గట్టిగా తొక్కే నలుగురైదుగురు మిగులుతారు. మిగతావాళ్లు ఏమయ్యారని ఆరా తీస్తే జవాబు దాదాపు ఒకటే: మొదటి రైడ్‌లోనే వెనకబడ్డారు, ముందు గుంపు కనపడకుండా పోయింది, దారి అడుక్కుంటూ ఒక్కరే ఇంటికి చేరారు, మళ్లీ రాలేదు.

క్లబ్బు నిలవాలన్నా, ఊళ్లో సైకిల్ తొక్కే అందరి తరఫునా మాట్లాడాలన్నా పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. అందరికన్నా వెనక వచ్చే సైకిలే లెక్క. రైడ్ వేగం దానిది. దారి ఎంపిక దాన్ని బట్టి. అధికారికి ఇచ్చే అర్జీ కూడా దాని కోసమే. ఈ పనిని ఒక వారంలో సర్దుకుని, హైదరాబాద్‌ని ఉదాహరణగా పెట్టుకుని వరసగా చూద్దాం. వరంగల్‌లోనో విజయవాడలోనో అయితే వీధుల పేర్లు మారతాయి, పని అదే.

సరదా రైడ్‌కూ రోడ్డు హక్కుకూ చుట్టరికం ఈనాటిది కాదు. 1878లో ఇంగ్లండ్‌లో మొదలైన సైకిల్ టూరింగ్ క్లబ్బు సభ్యులు సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగేవాళ్లు. ఎక్కడ దిగుడు మరీ ఏటవాలుగా ఉందో, ఎక్కడ పట్టు తప్పుతుందో తొక్కి తెలుసుకుని, ఆ గుట్టల మీద హెచ్చరిక బోర్డులు పాతించారు. 1888లో అక్కడి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిల్‌ని కూడా బండిగా గుర్తించి, దానికి రోడ్డు మీద చోటు ఖాయం చేసింది. తిరిగినవాళ్లు కాబట్టే వాళ్లకు ఏ మలుపులో ఏముందో తెలుసు. మన క్లబ్బు చేయాల్సిందీ ఇదే.

కావలసినవి

మనుషులు: తొక్కేవాళ్లు పన్నెండు నుంచి పదిహేను మంది. అంతకు మించితే రెండు జట్లు చేయాలి. ఒక్కో జట్టుకు ముందు సైకిల్ ఒకరు, ఆఖరి సైకిల్ ఒకరు, లెక్కలు రాసేవారు ఒకరు.

సామాను: గాలి పంపు, రెండు మూడు సైజుల ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, టైరు ఊడదీసే లివర్లు, ఆలెన్ కీలు, 15 నంబరు స్పానర్, దెబ్బ తగిలితే కట్టు కట్టే సామాను. పంపు కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. గేర్ల సైకిళ్లకు ఒక రకం వాల్వు, సన్న టైర్ల రోడ్ బైకులకు ఇంకో రకం, పాలవాళ్లు తొక్కే నల్ల సైకిల్‌కు మూడో రకం ఉంటుంది. మూడింటికీ పట్టే మూతి ఉన్న పంపే క్లబ్బు పంపు.

అర్జీ సామాను: అయిదు మీటర్ల టేపు, సుద్దముక్క, వంద పేజీల నోటుబుక్కు, ఫొటో మీద తేదీ, చోటు పడేలా సరిచేసుకున్న ఫోను. మొదటిసారి రైడ్‌కి వచ్చినవాళ్లు టేపు చూసి నవ్వుతారు. రెండోసారికి వాళ్లే పట్టుకుంటారు.

మంగళవారం: దారి

దారి మ్యాపులో దొరకదు, తొక్కితే దొరుకుతుంది. మొదటి రైడ్‌కు ఒక దారి చెప్తాను. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర కలుసుకుని, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా లిబర్టీ, బషీర్‌బాగ్, ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్, అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీద మూసీ దాటి చార్మినార్. రానూపోనూ ఇరవై కిలోమీటర్లకు మించదు. గేర్లు లేని సైకిల్‌ని దింపి నడిపించుకోవాల్సినంత ఎత్తులు లేవు. అదే దూరం జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు పెడితే కొత్తవాళ్లు మొదటి గుట్ట దగ్గరే క్లబ్బుకు దండం పెడతారు.

ముందు సైకిల్ పట్టేవారు ఈ దారిని రైడ్‌కు ముందు ఒకసారి తొక్కి రావాలి. అదీ క్లబ్బులో ఉన్న అన్నిటికన్నా బరువైన, గేర్లు లేని సైకిల్ మీద. ఖరీదైన సైకిల్ మీద వెళ్తే గుంతలు తెలియవు, ఎత్తు తెలియదు. రైడ్ జరిగే వేళకే వెళ్లాలి. సాయంత్రం కిక్కిరిసిన ఆబిడ్స్‌కీ, ఉదయం ఆరింటి ఆబిడ్స్‌కీ పోలిక లేదు. కుక్కలు ఎక్కడ వెంటపడుతున్నాయి, వీధి దీపాలు ఎక్కడ వెలగడం లేదు, ఏ సిగ్నల్ ఆ వేళకు పసుపు మినుకు మీద ఉంది, ఇవన్నీ అప్పుడే తేలతాయి.

ఆ చూపులోనే మూడు రకాల చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, పదిహేను సైకిళ్లు రోడ్డుకు అడ్డం లేకుండా ఆగగలిగే చోటు, నాలుగైదు కిలోమీటర్లకు ఒకటి. రెండు, ఆ వేళకు తలుపు తెరిచి ఉన్న, నీళ్లున్న టాయిలెట్. ఇది చూడని క్లబ్బులే, ఆడవాళ్లు రావడం లేదేమిటో అని తర్వాత ఆశ్చర్యపోతుంటాయి. మూడు, మధ్యలో ఎవరైనా మానుకోవాలనుకుంటే సైకిల్‌తో సహా ఇంటికి చేరే మార్గం.

కుడి మలుపులు ఎంత తక్కువైతే దారి అంత మంచిది. కుడికి తిరగాలంటే వేగంగా వచ్చే బండ్ల మధ్యకు జరగాలి. ఒక్కరికి అది క్షణం పని, పదిహేను మందికి అది పెద్ద పరీక్ష. తప్పనిసరైన కుడి మలుపులో కూడలి దాటి ఎడమ పక్కన ఆగి, సైకిల్‌ని తిప్పుకుని, ఆ వైపు సిగ్నల్ పడ్డాక సాగమని ముందే చెప్పుకోవాలి.

గురువారం: పిలుపు

రైడ్ సందేశంలో ఉండాల్సినవి ఇవి: కలిసే చోటు, బయల్దేరే సమయం, తిరిగొచ్చే సమయం, దూరం, వేగం. వేగం అంకెల్లో చెప్పాలి. "మెల్లగా వెళ్తాం" అంటే ముప్పై తొక్కేవారికి ఇరవై మెల్ల, కొత్తవాళ్లకు ఇరవై గండం. "గంటకు పన్నెండు నుంచి పధ్నాలుగు కిలోమీటర్లు, అన్నిటికన్నా నెమ్మదైన సైకిల్ ఎంత పోతే అంతే, ఎవరినీ వదిలి వెళ్లం" అని రాయాలి. ఏ సైకిలైనా పనికొస్తుందనీ, బిగుతు జెర్సీలు అక్కర్లేదనీ, చుడీదార్‌తోనో ప్యాంటుతోనో రావచ్చనీ, హెల్మెట్ మాత్రం పెట్టుకోవాలనీ కలపాలి.

దూరాల సవాలు కావాలనుకునేవారికి ఊళ్లో వేరే దారులున్నాయి. బ్రెవే అనే దూర ప్రయాణాల్లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో ముగించాలి. అదొక విద్య, దానికి మర్యాద ఉంది. దాన్ని ఆదివారం సరదా రైడ్‌లోకి తెస్తే రెండూ చెడతాయి.

సమయం సూర్యుణ్ని బట్టి పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో మేలో ఐదూ ముప్పావు ప్రాంతానికి తెల్లవారుతుంది, ఎనిమిదింటికల్లా నీడ వెతుక్కోవాలి. జనవరిలో ఆరూ ముప్పావు దాకా సూర్యుడు రాడు. చీకట్లో బయల్దేరితే ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం లేని సైకిల్‌ని జట్టు మధ్యలో పెట్టుకోవాలి.

పిలుపు వాట్సాప్‌తో ఆపకండి. పేటలో పంచరు షాపు గోడకు ఒక కాగితం అంటించండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో నోటిమాటగా చెప్పండి. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిల్ ఉంది. అందులో జెర్సీ వేసుకుని తొక్కేవాళ్లు ఎంతమంది? పాలు, పేపరు, కూరగాయలు మోసేవాళ్లు, కట్టడం పనికి వెళ్లే మేస్త్రీలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే సెక్యూరిటీ గార్డులు, బడికెళ్లే పిల్లలు: ఊరి సైకిళ్లు వీళ్లవి. వాళ్లలో చాలామందికి ఆదివారం కూడా పని దినమే కాబట్టి రైడ్‌కు రాకపోవచ్చు. పిలిచిన క్లబ్బు మాత్రం వాళ్ల గుర్తులో ఉంటుంది. ఆ పరిచయం తర్వాత ఎందుకు కావాలో ముందు ముందు తెలుస్తుంది.

మామూలు రైడ్‌కు పోలీసుల అనుమతి అవసరం పడదు. ప్లకార్డులు పట్టినా, నినాదాలు ఇచ్చినా, వందల మందిని పిలిచినా అది ఊరేగింపు లెక్కలోకి పోతుంది. అప్పుడు ముందే ట్రాఫిక్ విభాగానికీ, స్థానిక స్టేషన్‌కూ రాసి అనుమతి తీసుకోవాలి. దారి ఒక కమిషనరేట్ నుంచి మరోదాంట్లోకి పోతే రెండు చోట్లా రాయాలి.

ఆదివారం: రైడ్

బయల్దేరే సమయానికి ఇరవై నిమిషాల ముందు నిర్వాహకులు అక్కడ ఉండాలి. వచ్చిన ప్రతి సైకిల్‌కూ మూడు చూపులు: గాలి, బ్రేకు, చైను. బొటనవేలితో నొక్కితే టైరు లోపలికి పోకూడదు. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు లివర్ హ్యాండిల్‌కు తగలకూడదు. చైను జారిపడేంత వదులుగా వేలాడకూడదు. తర్వాత సీటు. సీటు మీద కూర్చుని పెడల్ అట్టడుగున మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపుకోవాలి. ఏళ్ల తర్వాత సైకిల్ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది సీటు బాగా కిందికి దించుకుని వస్తారు, రెండు కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేస్తాయి. రెండు అంగుళాలు పైకి లేపితే రైడ్ మొత్తం మారిపోతుంది.

మూడు నిమిషాల మాట. అంతకు మించి వినరు. ఆగేటప్పుడు అరచెయ్యి వెనక్కి చూపాలి. గుంత వస్తే వేలితో కిందికి చూపాలి. తిరిగేముందు ఆ వైపు చెయ్యి చాపాలి. ముందు సైకిల్‌ని ఎవరూ దాటకూడదు, ఆఖరి సైకిల్‌కు ఎవరూ వెనకపడకూడదు. రోడ్డు అంచున మట్టిలో కాకుండా అంచుకు ఒక మీటరు లోపల తొక్కాలి. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకున్నా తగలనంత దూరం పాటించాలి.

ఇక అసలు పనితనం మలుపుల దగ్గర ఉంది. మలుపు రాగానే ముందు సైకిల్ వెనక ఉన్నవారు అక్కడ పక్కకు ఆగి, తిరగాల్సిన వైపు చెయ్యి చూపిస్తూ నిలబడాలి. జట్టంతా దాటి ఆఖరి సైకిల్ కనపడ్డాక, దానికి ముందు చేరి సాగాలి. తర్వాతి మలుపులో అప్పటికి రెండో స్థానంలో ఉన్నవారు ఆగుతారు. ఇలా ప్రతి మలుపుకూ ఒకరు కాపలా మారుతూ పోతే జట్టు అర కిలోమీటరు పొడుగు సాగినా ఎవరూ తప్పిపోరు. పైగా ముందుండాలని తహతహలాడేవాళ్లు రెండు మలుపులకల్లా వెనక్కి చేరతారు. వాళ్లను ఎవరూ మందలించాల్సిన పని లేకుండా పద్ధతే సర్దుతుంది.

ఆఖరి సైకిల్ పట్టేవారు జట్టులో అందరికన్నా బాగా తొక్కగలిగినవారై ఉండాలి. చాలా క్లబ్బులు గట్టివాళ్లను ముందు పెట్టి, ఓపిక ఉన్న ఎవరినో వెనక పెడతాయి. పంచరైన సైకిల్ వెనక్కే చేరుతుంది, అలసిన మనిషి వెనక్కే చేరతారు. అందుకే రిపేరు సంచీ, నీళ్లు, ధైర్యం చెప్పే మాట కూడా వెనకే ఉండాలి. ఆఖరి సైకిల్ ఈల వేస్తే ముందు సైకిల్ ఆగి తీరాలి. ఆపిన తర్వాత ఇంకో తప్పు జరుగుతుంది. వెనకవాళ్లు ఆయాసపడుతూ చేరగానే, అప్పటికే సేదతీరిన ముందువాళ్లు బయల్దేరిపోతారు. చివరగా వచ్చినవారు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, "ఇక పోదాం" అన్నాకే కదలాలి.

ఎర్ర సిగ్నల్ పడితే జట్టు రెండుగా తెగుతుంది. తెగనివ్వండి. ముందు సగం కూడలి దాటాక పక్కకు ఆగి చూస్తుంది. 1992 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై ప్రపంచమంతా పాకిన క్రిటికల్ మాస్ రైడ్లలో పద్ధతి వేరు. గుంపు దాటేదాకా కొందరు సైకిళ్లు అడ్డంపెట్టి పక్క రోడ్డు బండ్లను నిలిపేస్తారు. ఊరి దృష్టిని లాగడానికి అది పనికొచ్చింది, కోపాన్నీ మూటగట్టుకుంది. ప్రతి వారం అదే పేటలో తిరగాల్సిన క్లబ్బుకు ఆటో డ్రైవర్లతో, సిటీ బస్సు డ్రైవర్లతో తగువు పెట్టుకుని లాభం లేదు. వాళ్లకు చెయ్యూపి దారి ఇస్తే వచ్చే వారం వాళ్లూ ఇస్తారు.

ఆగిన చోట ఊరి గురించి రెండు ముక్కలు చెప్పేవారు ఒకరుంటే రైడ్‌కు రుచి వస్తుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర 1935 నాటి రాతి కట్టడం ముందు నిమిషం. అఫ్జల్‌గంజ్ దాటాక ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇంకో నిమిషం. 1908 సెప్టెంబరులో మూసీ ఊరి మీద పడ్డప్పుడు అక్కడి చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది బతికారని చెప్తారు. ఆ వరద తర్వాతే ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్ కట్టారు. ఒక విపత్తు నుంచి ఒక ఊరు ఏం కట్టుకుందో ఆ చెట్టు ముందు చెప్తే, రోడ్డు ప్రమాదాల నుంచి మనం ఏం కట్టుకున్నామన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

చాయ్ దగ్గర: నోటుబుక్కు

చార్మినార్ దగ్గర సైకిళ్లు దిగి నడిపించుకుంటూ వెళ్లి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ చెప్పుకున్నాక ఫొటోలు ఎటూ అవుతాయి. ఆ తర్వాత పది నిమిషాలు క్లబ్బువి. ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగాలి: "ఈరోజు దారిలో మీకు ఎక్కడ భయం వేసింది?"

సౌకర్యాలు ఎలా ఉన్నాయని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. భయం గురించి అడిగితే ఖచ్చితంగా చోటు చెప్తారు. "ఫ్లైఓవర్ దిగిన చోట ఎడమ నుంచి బస్సు వచ్చింది." "ఆ ఇనుప జాలీలో టైరు ఇరుక్కోబోయింది." "ఫ్రీ లెఫ్ట్‌లో కారు ఆగనే లేదు." అన్నీ నోటుబుక్కులో రాయాలి: చోటు, సమయం, ఏం జరిగింది, ఎవరికి. రోజూ తొక్కేవాళ్లకు అలవాటైపోయిన ప్రమాదాన్ని కొత్తవాళ్లే పట్టిస్తారు. అందుకే కొత్తవాళ్ల మాట ముందు రాయాలి.

తిరుగు ప్రయాణంలో ఆ చోట్లలో ఒకదాన్ని ఎంచుకుని ఆగి, టేపు తీసి కొలవాలి. జాలీ కడ్డీల మధ్య ఎడం ఎన్ని సెంటీమీటర్లు? కడ్డీలు రోడ్డు వెంట ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా? పక్కన టేపు పెట్టి ఫొటో, వెనక షాపు బోర్డు కనిపించేలా ఇంకో ఫొటో. పని అయిదు నిమిషాలది. దీని విలువ అర్జీ రాసేటప్పుడు తెలుస్తుంది.

పనిరోజు ఉదయం: లెక్కింపు

"సైకిళ్లు ఎక్కడ తిరుగుతున్నాయండీ ఈ రోజుల్లో?" అధికారుల నుంచి మొదట వినిపించే మాట ఇదే. దానికి వాదనతో జవాబు చెప్పలేం, లెక్కతో చెప్పగలం. ఆదివారం లెక్క చెల్లదు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక రోజు, ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, ఒక కూడలిలో ఇద్దరు నిలబడాలి. కాగితం మీద పావుగంటకో వరస గీసుకుని, దాటిన ప్రతి సైకిల్‌కూ ఒక గీత. నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా. పక్క గడుల్లో ఆడవాళ్లు, పిల్లలు, బరువు మోసేవాళ్లు, దీపం లేనివాళ్లు, ఎదురు దారిలో వచ్చేవాళ్లు.

ఈ చివరి గడి చాలా విషయాలు చెప్తుంది. రాంగ్ రూట్‌లో వస్తున్న సెక్యూరిటీ గార్డును చూసి మనకు చిరాకు కలుగుతుంది. ఆపి, "అన్నా, రోజూ ఇటే వస్తరా?" అని అడిగితే వచ్చే జవాబు ఈ తీరున ఉంటుంది: "ఏం జెయ్యాలె సార్, అటు నుంచి యూటర్న్ దీస్కోవాలంటే శానా దూరం పోవాలె. కారుకైతే పెట్రోలు, నాకైతే కాళ్లు." టేపుతో కాకపోయినా సైకిల్ మీటరుతో ఆ యూటర్న్ దూరం కొలిచి రాసుకోండి. ఒకే చోట పదుల మంది ఎదురు దారిన వస్తున్నారంటే మనుషుల బుద్ధి కన్నా ముందు డివైడర్‌లోని సందును పరీక్షించాలి. బండ్లు ఆగకుండా పరిగెత్తడానికి మూసేసిన సందు, సైకిల్ మనిషిని రోజూ ప్రమాదంలోకి నెడుతోందని ఆ లెక్కే చెప్తుంది. గురువారం పిలుపుతో మొదలైన పరిచయం పనికొచ్చేది ఇక్కడే. ముఖం తెలిసినవాళ్లకు మనిషి ఆగి మాట చెప్తాడు.

సోమవారం: అర్జీ

తెలంగాణలో సోమవారం ప్రజావాణి, అంటే అధికారులు జనం అర్జీలు తీసుకునే రోజు. కార్యాలయానికి పోయేముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. పక్కపక్క రోడ్లే అయినా ఒకటి మున్సిపల్ కార్పొరేషన్‌ది, ఇంకోటి రోడ్లు భవనాల శాఖది, మరోటి నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది, సికింద్రాబాద్‌లో అయితే కంటోన్మెంట్ బోర్డుది కావచ్చు. తప్పు గుమ్మంలో ఇచ్చిన అర్జీ చెత్తబుట్టలోకి పోదు గానీ, ఆఫీసు నుంచి ఆఫీసుకు పోయి పోయి వర్షాకాలం దాటిస్తుంది.

అర్జీ ఒక పేజీ. ఒక చోటు, ఒక లోపం, ఒక కొలత, ఒక పరిష్కారం, రెండు ఫొటోలు. "నగరంలో సైక్లిస్టులకు భద్రత కల్పించాలి" అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు. ఇలా రాయాలి: "ఫలానా షాపు ఎదుట ఉన్న వాన నీటి జాలీ కడ్డీలు రోడ్డు వెంట నిలువుగా ఉన్నాయి. ఎడం ఇన్ని సెంటీమీటర్లు. ఇక్కడ ఉదయం రెండు గంటల్లో ఇన్ని సైకిళ్లు దాటుతున్నాయి. జాలీని పావు చుట్టు తిప్పి, కడ్డీలు అడ్డంగా వచ్చేలా బిగించాలని మనవి." చతురస్రం జాలీ అయితే కొత్తగా కొనాల్సిందేమీ లేదు, కూలీల గంట పని. మొదటి అర్జీ ఇలాంటిదే అయి ఉండాలి. ఇంజినీరు తన స్థాయిలో తేల్చగలిగేది, కమిటీ అక్కర్లేనిది. అది జరిగితే క్లబ్బులో నమ్మకం పుడుతుంది, అవతల ఆఫీసులో క్లబ్బు పేరుకు ముఖం వస్తుంది. రసీదు మీద తేదీ, నంబరు చూసుకోకుండా బయటికి రాకూడదు.

తర్వాత మెట్టు, కొంచెం పెద్దవి: రంబుల్ స్ట్రిప్ అంచున సైకిల్ పోయేంత సందు, ఫ్రీ లెఫ్ట్ దగ్గర బండ్ల వేగం తగ్గించే ఎత్తు, బడి ముందు వేగ పరిమితి. వేగం గురించి మాట్లాడేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఒకటి చేతిలో ఉంచుకోండి: రోడ్డు మీద సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుంది. ఇవి అడగాలంటే బడ్జెట్ కాలం చూసుకోవాలి. ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి లెక్కలు చలికాలంలోనే కడతారు. మార్చి దాటాక అడిగితే, పెళ్లయ్యాక పందిట్లోకి వెళ్లినట్టే.

అన్నిటికన్నా పెద్దది సైకిల్ ట్రాక్. ఇక్కడ హైదరాబాద్ అనుభవం ముందుంది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకోటి. నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎండావానల్లో నీడ, కార్ల భయం లేదు. పిల్లలకు, కొత్తవాళ్లకు తొక్కడం నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే అక్కడికి చేరడానికి చాలామంది సైకిల్‌ని కారెక్కించుకుని పోవాలి. మేస్త్రీ పనికి పోయే దారి, పిల్ల బడికి పోయే దారి ఆ పక్కన లేవు. కాబట్టి ట్రాక్ కావాలని అడిగేటప్పుడు లెక్కింపు కాగితాలు తీసి, సైకిళ్లు ఇప్పటికే తిరుగుతున్న రోడ్డు మీద అడగాలి. రంగు గీత చాలదు, గీత మీద కార్లు ఆగుతాయి. బండి ఎక్కలేని అంచు కావాలి. కొలతల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో సవరించిన 11వ నంబరు ప్రమాణాలున్నాయి. ఇంజినీర్లకు ఆ భాష తెలుసు, మనమూ ఆ పుస్తకం పేరే ఎత్తితే మాట త్వరగా నడుస్తుంది.

జవాబు రాకపోతే

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు. 2005 చట్టం కింద పది రూపాయల ఫీజుతో, ముప్పై రోజుల్లో జవాబివ్వాల్సిన దరఖాస్తు. "ఎందుకు చేయలేదు?" అని అడగకూడదు, దానికి జవాబు రాదు. "ఫలానా నంబరు అర్జీ మీద ఇప్పటిదాకా తీసుకున్న చర్యల నకలు ఇవ్వండి" అని అడగాలి.

చట్టం ఇంకొన్ని పిడులు ఇచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల చావో అంగవైకల్యమో సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటుంది. 138(1ఏ) సెక్షన్, పాదచారుల, మోటారు లేని బండ్ల రాకపోకలకు రాష్ట్రాలు నియమాలు చేసుకోవచ్చంటుంది. ఆ నియమాలను ఆరు నెలల్లో చేయాలని 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాష్ట్ర స్థాయిలో క్లబ్బులన్నీ కలిసి పట్టుకోవాల్సిన తీగ ఇది.

అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసింది 161వ సెక్షన్. సైకిల్ మనిషిని గుద్ది ఏదో బండి ఆగకుండా పోతే, అది ఎవరిదో తేలకపోయినా, చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేల రూపాయల పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి దీనికి కొత్త పథకం అమల్లో ఉంది. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర మొదలవుతుంది. తెల్లవారుజామున పనికి పోతూ చనిపోయిన కూలీ ఇంట్లో ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. క్లబ్బులో ఒకరు ఈ దరఖాస్తు నింపడం నేర్చుకుని ఉంటే, వంద కొవ్వొత్తుల ర్యాలీ కన్నా అది ఆ ఇంటికి ఎక్కువ. అలాగే 134ఏ సెక్షన్ గురించి జట్టులో అందరికీ చెప్పాలి. గాయపడినవారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసులు పెట్టకుండా అది కాపాడుతుంది. ఆ భయం పోతేనే రోడ్డు మీద ఆగే చేతులు పెరుగుతాయి.

పని అయ్యాక

జాలీ తిప్పారా? తిప్పిన ఫొటోతో ఆ ఇంజినీరుకు ధన్యవాదాల ఉత్తరం రాయండి, ఒక నకలు పై అధికారికి. ఆయన టేబుల్ మీదికి ఫిర్యాదులే వస్తాయి, పొగిడిన కాగితం అరుదు. తర్వాతి అర్జీకి కుర్చీ వేస్తారు. వచ్చే ఆదివారం రైడ్‌ని ఆ చోటు మీదుగా పెట్టి, భయం వేసిందని మొదట చెప్పినవారిని అక్కడ ఒకసారి ముందు సైకిల్ పట్టమనండి.

ఏడాదికి ఒకసారి పదవులు మార్చండి. ముందు సైకిల్, ఆఖరి సైకిల్, నోటుబుక్కు, అర్జీలు: ఏ పనీ ఒకే మనిషి చేతిలో రెండో ఏడాదికి పోకూడదు. క్లబ్బు నడిపేవారికి ఉద్యోగం మారుతుంది, మోకాలు నొప్పి వస్తుంది, పిల్లలకు పరీక్షలొస్తాయి. అవతల ఇంజినీరుకు బదిలీ వస్తుంది, కొత్తగా వచ్చినవారికి ఏమీ తెలియదు. అప్పుడు పనిని నిలబెట్టేది ఫైలు ఒక్కటే. అందులో మొదటి పేజీ మీద నాలుగు వరసలు గీయండి: చోటు, అర్జీ నంబరు, తేదీ, ఏమైంది. "ఏమైంది" గడిలో ఖాళీగా ఉన్నవాటిని లెక్కపెట్టి, వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని వచ్చే సోమవారానికి పెట్టుకోండి.